కాగితంలో లేని మజిలీ



బొల్లారం నుంచి బాచుపల్లి ఎంతో దూరం లేదు. ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులు, కాలేజీ బస్సులు ఆ రోడ్డు మీద ఒకదాని వెనుక ఒకటి పోతుంటాయి. ఆ బాచుపల్లిలోని వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కాలేజీ నుంచి 2014 వేసవిలో రెండో సంవత్సరం పిల్లలు ఉత్తరాదికి టూరు వెళ్లారు. జూన్ 8, ఆదివారం. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఆరు రోజులు. సాయంత్రం వేళ, హిమాచల్ ప్రదేశ్ మండి జిల్లాలో, మనాలి పోయే దారిలో తలౌట్ అనే చోట వాళ్లు ఆగారు. రోడ్డు కింద బియాస్ నది. నీళ్లు సన్నగా పారుతున్నాయి, నడుమ పెద్ద పెద్ద బండలు బయటపడి ఉన్నాయి. పిల్లలు దిగి ఆ బండల మీదికి పోయి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు గేట్లు ఎత్తారు. చూస్తుండగానే నీళ్లు పెరిగాయి. ఒడ్డుకు రాగలిగిన వాళ్లు వచ్చారు. 24 మంది విద్యార్థులు, వాళ్ల వెంట ఉన్న టూరు నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. ఆ 24 మందిలో ఆరుగురు ఆడపిల్లలు.

అప్పటి తెలంగాణ హోం మంత్రి నాయిని నర్సింహారెడ్డి గారు అక్కడికి వెళ్లారు. జాతీయ విపత్తు దళం, నౌకాదళ గజ ఈతగాళ్లు దిగారు. అయినా మృతదేహాలను వెలికితీయడానికి రోజులు కాదు, వారాలు పట్టింది. ఆ పిల్లల తల్లిదండ్రులు నది ఒడ్డున కూర్చుని ఎదురుచూశారు. ఇది జరిగి పదేళ్లు దాటింది. ఇవాళ మన కాలేజీల్లో ఉన్న పిల్లలు అప్పుడు చిన్న తరగతుల్లో ఉన్నారు. చాలామందికి ఈ సంగతి తెలియదు. జిన్నారం, గుమ్మడిదల, బొంతపల్లి, గడ్డపోతారం నుంచి రోజూ కాలేజీలకు పోయే పిల్లలకు, వాళ్లను పంపే అమ్మానాన్నలకు ఇది తెలిసి ఉండాలని నా కోరిక.

నేను పదే పదే ఆలోచించేది వాళ్లు ఆగిన చోటు గురించి. తలౌట్ చూడాలని హైదరాబాద్ నుంచి ఎవరూ బయలుదేరరు. వాళ్లు మనాలి పోతున్నారు. దారిలో నది అందంగా కనబడింది, దిగారు. ఎవరమైనా దిగుతాం. ఇరవై ఏళ్ల ప్రాయపు పిల్లలు, మొదటిసారి హిమాలయాలు చూస్తున్నవాళ్లు, దిగకుండా ఎట్లా ఉంటారు? వాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. నా బాధ టూరు కాగితం గురించి. మన కాలేజీల్లో టూరు కాగితం ఎట్లా ఉంటుందో లెక్చరర్‌గా నాకు తెలుసు. మొదటి రోజు ఫలానా ఊరు, ఫలానా హోటలు. రెండో రోజు ఫలానా ఫ్యాక్టరీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం షాపింగు. చేరే చోట్లన్నీ రాసి ఉంటాయి. ఆగే చోట్లు ఉండవు. ఊరికీ ఊరికీ మధ్య ఏడెనిమిది గంటల దారి ఉంటే, ఆ ఏడెనిమిది గంటలు కాగితం మీద ఒక చిన్న గీత. మూత్రానికి ఎక్కడ ఆగుతాం, టీకి ఎక్కడ, డీజిల్ ఎక్కడ పోయిస్తాం, ఫోటోలకు ఎక్కడ దిగనిస్తాం, ఎక్కడ అసలు దిగనివ్వం, ఇవేవీ రాయరు. ప్రాణం పోయేది ఎక్కువగా ఆ గీత మీదనే.

కాబట్టి టూరు ప్లాను వేసే వాళ్లకు నేను చెప్పేది ముందుగా ఇదే. మజిలీలు రాయండి. దారిని మ్యాపులో వేలు పెట్టి నడిపించి, ప్రతి రెండు రెండున్నర గంటలకు ఒక ఆగే చోటు ముందే నిర్ణయించండి. రోడ్డు పక్కకు బస్సు పూర్తిగా దిగి నిలబడే స్థలం ఉండాలి, మరుగుదొడ్లు ఉండాలి, ఆడపిల్లలు నిశ్చింతగా దిగగలగాలి. ఆ మజిలీలు తప్ప ఇంకెక్కడా బస్సు తలుపు తెరవం అని బయలుదేరే ముందే అందరికీ చెప్పండి. ముందే చెప్పిన మాటను పిల్లలు వింటారు. దారి మధ్యలో కొత్తగా వద్దంటే ఎవరూ వినరు.

నది సంగతి ఇంకొంచెం చెప్పాలి. మనం చిన్నప్పుడు విన్న వాగులు, నదులు వేరు. ఎగువన వాన పడితే నీళ్లు వచ్చేవి, మబ్బు చూసి పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు నదుల మీద ప్రాజెక్టులు ఉన్నాయి. జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు ఉత్పత్తి తగ్గించమని పైనుంచి కబురు వస్తే, టర్బైన్లలోకి పోవాల్సిన నీటిని గేట్ల గుండా నదిలోకి వదలాల్సి వస్తుంది. చిన్న జలాశయమైతే నీటిని ఎక్కువసేపు ఆపలేదు. అంటే ఎండ కాస్తున్నా, మబ్బు లేకపోయినా, ఎక్కడో ఒక కంట్రోల్ రూములో తీసుకున్న నిర్ణయంతో నది లేస్తుంది. కింద బండ మీద నిలబడ్డ పిల్లకు ఆ సంగతి తెలిసే దారి ఏముంది? సైరను మోగితే, మోగిన సైరను వినబడితే, వినబడిన శబ్దం దేనికో అర్థమైతే తప్ప తెలియదు. పరాయి రాష్ట్రంలో సైరను మోగినా మన పిల్లలు అది ఫ్యాక్టరీ కూత అనుకునే అవకాశమే ఎక్కువ. బొల్లారం చుట్టూ పెరిగిన పిల్లలకు కూతలు కొత్త కాదు గదా.

ఇది హిమాచల్‌కే పరిమితమని అనుకోకండి. మన మంజీర ఉంది. మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటకలో బీదర్ మీదుగా మన సంగారెడ్డి జిల్లాలోకి వస్తుంది. సింగూరు ప్రాజెక్టు దాదాపు 30 టీఎంసీల నీటిని ఆపుతుంది. పైన బీదర్ దిక్కు వానలు దంచికొడితే సింగూరు నిండుతుంది, గేట్లు ఎత్తుతారు, ఆ నీళ్లు ఘనపురం ఆనకట్ట దాటి ఏడుపాయలకు చేరతాయి. మన దగ్గర చినుకు లేకపోయినా సరే. ఏడుపాయల వనదుర్గమ్మ గుడి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలుతుంది. నీళ్లు లేనప్పుడు బండల మధ్య ఎంత ఆహ్లాదంగా ఉంటుందో, శివరాత్రి జాతరకు పోయినవాళ్లందరికీ తెలుసు. వరద వచ్చినప్పుడు అదే గుడిని నీళ్లు చుట్టుముడతాయి. 2025 వానాకాలంలో కూడా గుడి మూసి ఉంచాల్సి వచ్చింది. జిన్నారం నుంచి నర్సాపూర్ అడవి మీదుగా ఏడుపాయలకు ఒక్క పూటలో పోయి రావచ్చు కాబట్టి మన కాలేజీల పిల్లలు గుంపులుగా పోతుంటారు. పోండి. కానీ వానాకాలంలో అయితే పోయే రోజు పొద్దున సింగూరు గేట్లు ఎత్తారా, ఎత్తబోతున్నారా అని ఒకసారి కనుక్కుని పోండి. గేట్లెత్తే ముందు కింది ఊళ్లకు అధికారులు కబురు చేస్తారు, పత్రికల్లో, టీవీల్లో వస్తుంది. పాపన్నపేటలో తెలిసినవాళ్లు ఉంటే ఒక్క ఫోను చాలు. సంగారెడ్డి దగ్గర మంజీర బ్యారేజీ వెనుక నీళ్లలో మొసళ్లు ఉన్నాయి, అది మొసళ్ల అభయారణ్యం. అక్కడ పక్షులను గట్టు మీద నుంచే చూడాలి.

బియాస్ విషయం హిమాచల్ హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. 2016 జనవరిలో తీర్పు చెప్పింది. ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలంది. అందులో 60 శాతం విద్యుత్ బోర్డు, 10 శాతం హిమాచల్ ప్రభుత్వం, మిగతా 30 శాతం కాలేజీ భరించాలంది. ఆ 30 శాతం గురించి ప్రతి కాలేజీ యాజమాన్యం ఆలోచించాలి. నీళ్లు వదిలింది విద్యుత్ బోర్డు. హెచ్చరికలు సరిగా లేకపోవడం వాళ్ల తప్పు. అయినా పిల్లలను తీసుకుపోయిన వాళ్ల బాధ్యత అక్కడితో తీరిపోదని న్యాయస్థానం తేల్చింది. ప్రమాదం జరిగిన మరుసటి సంవత్సరమే, అంటే 2015లో, క్యాంపస్ లోపలా బయటా విద్యార్థుల భద్రతకు యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చాలా కాలేజీల్లో ఫైల్లో ఉన్నాయి. బస్సులోకి వచ్చాయా అన్నదే నా ప్రశ్న.

బస్సులోకి రావాలంటే బస్సులో ఒక మనిషి ఉండాలి, వద్దు అనగలిగిన మనిషి. మన దగ్గర టూరుకు ఎవరిని పంపుతారు? సీనియర్ ప్రొఫెసర్లకు పనులుంటాయి, ఆరోగ్యం బాగుండదు. నిన్నగాక మొన్న ఎంటెక్ అయిపోయి చేరిన కుర్ర లెక్చరర్‌ను పంపుతారు. ఆయనకూ పిల్లలకూ నాలుగైదేళ్ల తేడా. 'సార్, ప్లీజ్ సార్, పది నిమిషాలే సార్' అని యాభై మంది ఒక్కసారి అంటే ఆయన ఎట్లా కాదంటాడు? కాదంటే టూరు పాడుచేశాడని ఆ ఏడాదంతా పేరు. తిరిగొచ్చాక ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో మార్కులు తగ్గుతాయి. అందుకే ఆ అధికారాన్ని కాలేజీ కాగితం మీద రాసి ఇవ్వాలి. ఫలానా సార్, ఫలానా మేడమ్ వద్దంటే వద్దే, అక్కడి నుంచే వెనక్కి తిప్పినా కాలేజీ వాళ్ల పక్కనే నిలబడుతుంది అని ప్రిన్సిపాల్ సంతకం చేసిన కాగితం పిల్లల ముందు చదవాలి. ఆడపిల్లలు ఉన్నప్పుడు మహిళా లెక్చరర్ తప్పకుండా ఉండాలి, ఆమె మాటకూ అంతే బలం ఉండాలి.

డబ్బు కూడా వద్దు అననివ్వదు. ట్రావెల్స్‌కు అడ్వాన్సు ఇచ్చి ఉంటారు, హోటలుకు సగం కట్టి ఉంటారు. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చింది, కానీ డబ్బు తిరిగి రాదు. పిల్లలు ఒక్కొక్కరు ఇంట్లో అడిగి, బతిమాలి తెచ్చిన ఐదు వేలు, పదివేలు. ఆ డబ్బు పోతుందనే మొహమాటంతోనే చాలా బస్సులు వానలో బయలుదేరుతాయి. బుకింగు చేసేటప్పుడే, రెడ్ అలర్ట్ గానీ ఆరెంజ్ అలర్ట్ గానీ ఉంటే తేదీ మార్చుకునే హక్కు మాకు ఉంటుందని ట్రావెల్స్ వాళ్లతో రాయించుకోవాలి. ఒప్పుకోని ట్రావెల్స్‌ను వదిలేయాలి. ఆగస్టులో అరకు, జూలైలో బొగత జలపాతం అని వానాకాలం నడుమ తేదీలు పెట్టడం ఎందుకు? నవంబరు, డిసెంబరులో ఆ చోట్లు అందంగానే ఉంటాయి, దారులు తేటగా ఉంటాయి.

రాత్రి ప్రయాణం దగ్గర కూడా ఇదే లెక్క. రాత్రంతా బస్సులో పోతే ఒక రాత్రి లాడ్జి ఖర్చు మిగులుతుంది. ఐదు రోజుల టూరులో మూడు రాత్రులు బస్సులోనే గడిపేలా ప్లాను వేస్తారు. పిల్లలు నిద్రపోతారు, డ్రైవరు నిద్రపోకూడదు. పగలు పిల్లలు ఊరు చూస్తుంటే ఆ డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు? పార్కింగులో, ఎండలో, బస్సు సీట్ల మధ్య. సాయంత్రం మళ్లీ స్టీరింగు పట్టుకుంటాడు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని, ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది. టూరు బస్సుల దగ్గర ఈ లెక్క ఎవరు చూస్తున్నారు? మీరు చూడండి. ఇద్దరు డ్రైవర్లు కావాలని అడగండి. రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము ఐదు వరకు బస్సు కదలకుండా ప్లాను వేయండి. డ్రైవరుకూ ఒక మంచం, రెండు పూటలా భోజనం మన ఖర్చులోనే పెట్టండి. ఆ డబ్బు యాభై మంది మీద పంచితే మనిషికి ఒక సినిమా టికెట్టంత కూడా పడదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు నిద్రలోనే, పొగలోనే పోయారు. కిటికీ అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లు బయటపడ్డారు. మీరు ఎక్కబోయే బస్సులో అత్యవసర తలుపు ఎక్కడుందో, అది తెరుచుకుంటుందో లేదో, బయలుదేరే ముందు ఒకసారి తెరిచి చూడండి. దాని ముందు సూట్‌కేసులు పేర్చారా చూడండి. అద్దం పగలగొట్టే సుత్తి కావాలని అడగండి. బస్సు నంబరు ఎం పరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్ ఎప్పటివరకు ఉందో, ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుస్తుంది. ఇది క్లాసు ప్రతినిధి, మీ భాషలో సీఆర్, ఐదు నిమిషాల్లో చేయగలిగిన పని.

ఇక మన సొంత ఊళ్ల సంగతి. దేశమంతటి నుంచీ కెమిస్ట్రీ, ఫార్మసీ, కెమికల్ ఇంజనీరింగ్ పిల్లలు బస్సులు కట్టుకుని మన బొల్లారం, గడ్డపోతారం, కాజీపల్లి, పాశమైలారం ఫ్యాక్టరీలు చూడటానికి వస్తారు. ఇండస్ట్రియల్ విజిట్, పిల్లల మాటలో ఐవీ. వీళ్లలో మన పిల్లలూ ఉన్నారు. తండ్రి అదే ఫ్యాక్టరీలో షిఫ్టు చేస్తుంటే, కొడుకో కూతురో విద్యార్థిగా విజిటర్ పాసు పెట్టుకుని లోపలికి పోతున్న రోజులివి. నాకు అది చాలా గర్వంగా ఉంటుంది.

కానీ ఈ ఫ్యాక్టరీల్లో ఏం జరగగలదో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. అక్కడ తయారయ్యేది మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి. వినడానికి అంత ప్రమాదకరమైన వస్తువులా అనిపించదు. అయినా 54 మంది పోయారు. మృతులను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది, ఎనిమిది మంది ఆనవాళ్లు అసలు దొరకలేదు. ఆసుపత్రి ముందు, ఫ్యాక్టరీ గేటు ముందు ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు తమ మనిషి పేరు ఏ జాబితాలో ఉందో అడుగుతూ తిరిగాయి. ఆ రోజుల్లో పటాన్‌చెరు దిక్కు ఉన్నవాళ్లెవరూ దాన్ని మరిచిపోలేరు. ఫ్యాక్టరీ గేటు లోపలికి పోయే ప్రతి విద్యార్థి పేరు గేటు బయట కూడా ఒక కాగితం మీద ఉండాలని నేను గట్టిగా అనేది అందుకే. ఎంతమంది అనే అంకె సరిపోదు. పేర్లు కావాలి. ఏ బృందం ఏ బ్లాకులో, ఏ గంటకు ఉందో కూడా ఆ కాగితం మీద ఉండాలి. అది లోపలికి రాని ఒక మనిషి చేతిలో ఉండాలి.

2025 నవంబరు దాకా అమలులో ఉన్న ఫ్యాక్టరీ చట్టం 1948లో 41బి అనే సెక్షను ఉండేది. ప్రమాదకర పరిశ్రమల్లో ఏ ప్రమాదాలు ఉన్నాయో, వాటికి ఏం జాగ్రత్తలు తీసుకున్నారో యాజమాన్యం వెల్లడించాలని అది చెప్పింది. విజిట్‌కు ముందు భద్రత గురించి ఒక అరగంట చెప్పమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. 'టైం లేదు, నేరుగా ప్లాంటు చూపిస్తాం' అనే ఫ్యాక్టరీకి పిల్లలను తీసుకుపోవద్దు. గేటు దాటగానే పిల్లలు చూడాల్సింది పైన కట్టిన గుడ్డ సంచిని, గాలి ఎటు వీస్తున్నదో చూపేదాన్ని. గ్యాసు లీకైతే గాలి వీచే దిక్కుకు పరుగెత్తకూడదు, గాలికి అడ్డంగా తప్పుకోవాలి. అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింట్ ఎక్కడో అడిగి, అక్కడిదాకా ఒకసారి నడిచి చూడాలి. నైలాన్, పాలిస్టర్ బట్టల్లో పుట్టే స్టాటిక్ కరెంటు ద్రావకాల ఆవిరి దగ్గర నిప్పురవ్వ పుట్టించగలదు కాబట్టి నూలు బట్టలు వేసుకోవాలి. కాళ్లు మూసే బూట్లు ఉండాలి, చున్నీలు, జడలు ముడిచి ఉండాలి. ఫోన్లు గేటు దగ్గరే పెట్టాలి. అరవై మందిని ఒక్కసారిగా రియాక్టర్ల మధ్యకు తోలుకుపోతే వెనుకవాళ్లకు ఒక్క మాటా వినబడదు. పదిహేను మంది చొప్పున పోతే నేర్చుకోవడమూ బాగుంటుంది, బయటకు తేవడమూ సులువు.

పిల్లలను లెక్కపెట్టే పద్ధతి గురించి కూడా ఒక మాట. బస్సులో తలలు లెక్కపెట్టి 'యాభై రెండు, సరే, పోనీ' అంటారు. ఎవరో క్లీనరు, ఎవరో స్నేహితుడు ఎక్కి ఉంటే అంకె సరిపోతుంది, మన పిల్ల కింద ఉండిపోతుంది. ఇద్దరిద్దరిని జంటలుగా కట్టండి. ప్రతి మజిలీ తర్వాత ఒకరి గురించి ఒకరు చెప్పాలి, నా జంట నా పక్కన ఉంది అని. అలసిపోయిన లెక్చరర్ కళ్లు మోసపోవచ్చు, స్నేహితురాలి కళ్లు మోసపోవు. ఫోన్ నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఘాట్ రోడ్లలో సిగ్నల్ ఉండదు, ఫోనుకు చార్జింగు ఉండదు. దేశంలో ఎక్కడున్నా ఆపదకు 112, జాతీయ రహదారి మీద 1033, మన దగ్గర అంబులెన్సుకు 108.

ఆస్తమా, మూర్ఛ, షుగరు ఉన్న పిల్లలు టూరుకు రానివ్వరేమోనని దాచిపెడతారు. దయచేసి దాచకండి. ఒక్క మేడమ్‌కో, ఒక్క సార్‌కో రహస్యంగా చెప్పండి. మందులు ఎక్కడున్నాయో, ఎప్పుడు ఎట్లా వేయాలో ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. చెప్పిన పిల్లను టూరుకు వద్దనే కాలేజీ ఉంటే అది కాలేజీ తప్పు.

కాలేజీ తీసుకుపోయే టూర్లు ఒక ఎత్తు, పిల్లలు తమంతట తాము పోయేవి ఒక ఎత్తు. నలుగురైదుగురు కలిసి బైకుల మీద అనంతగిరికో, నర్సాపూర్ అడవికో, కొండపోచమ్మ సాగర్‌కో పోతారు. వీటికి ఏ కాగితమూ ఉండదు, ఏ సారూ ఉండడు. 2025 జనవరి 11న సిద్దిపేట జిల్లాలో కొండపోచమ్మ సాగర్‌కు హైదరాబాద్ నుంచి ఏడుగురు యువకులు పోయారు. ఐదుగురు మునిగిపోయారు. సంక్రాంతి సెలవుల రోజులు. ఇళ్లల్లో పిండివంటలు మొదలైన రోజులు. కట్టిన జలాశయం చెరువులాంటిది కాదు పిల్లలూ. చాలా చెరువుల్లో అడుగు మెల్లగా లోతవుతుంది, పెద్ద జలాశయంలో రాతికట్ట వాలు మీద కాలు జారితే రెండో అడుగుకే మనిషి లోతు దాటుతుంది. ఒకరు జారితే పట్టుకోవడానికి పోయిన రెండోవారు, రెండోవారికోసం పోయిన మూడోవారు, ఇట్లా ఒకరి తర్వాత ఒకరు పోతారు. ఈత వచ్చినా నీళ్లలో మునిగేవాడి దగ్గరికి ఉత్త చేతులతో పోవద్దు. తాడో, చున్నీయో, ప్యాంటో, పొడుగు కట్టెయో అందించండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసిరినా తేలుతుంది.

ఇట్లాంటి ప్రయాణాలను కాలేజీలు 'మాకు సంబంధం లేదు' అని నోటీసు బోర్డు మీద రాసి చేతులు దులుపుకోకూడదని నేను నమ్ముతాను. పిల్లలు చెప్పడానికి భయపడకుండా ఉంటే, ఎక్కడికి పోతున్నారో కనీసం ఒక స్నేహితుడికి, హాస్టల్ వార్డెన్‌కు చెప్పి పోతారు. శిక్షిస్తామని బెదిరిస్తే అబద్ధం చెప్పి పోతారు. పోయిన చోటు ఎవరికీ తెలియకపోతే వెతకడానికి మొదటి గంట వృథా అవుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు, అంటే ఓఆర్ఆర్, మెయిన్ రోడ్డు మీదికి బైకులను రానివ్వరని తెలుసుకోండి. సర్వీసు రోడ్డు మీద రాత్రిపూట లారీలు లైట్లు లేకుండా ఆగి ఉంటాయి, సుల్తాన్‌పూర్ దిక్కు తిరిగే మీకు అది కొత్తగా చెప్పక్కర్లేదు. బైకుల మీద పోతే చీకటి పడకముందే ఇల్లు చేరేలా బయలుదేరండి.

అమ్మలకూ నాయనలకూ ఒక విన్నపం. టూరుకు ముందు కాలేజీ నుంచి ఒక ఫారం వస్తుంది. ఇంగ్లీషులో ఉంటుంది. కింద సంతకం పెట్టమంటారు. ఈ ఫ్యాక్టరీ ఊళ్లలో షిఫ్టు దిగి వచ్చిన నాయన, అలసిన కళ్లతో, బిడ్డ చూపిన చోట సంతకమో వేలిముద్రో పెడతాడు. దానిలో 'ఏం జరిగినా కాలేజీకి బాధ్యత లేదు' అని రాసి ఉండొచ్చు. ఆ కాగితం బిడ్డను కాపాడదు. ఆ ఫారం తెలుగులో ఇవ్వమని అడగండి, ఒడియా, హిందీ మాట్లాడే కుటుంబాలకు వాళ్ల భాషలో ఇవ్వమని అడగండి. అడగడం మీ హక్కు. ఫారంలో మజిలీలు ఉన్నాయా, బస్సు నంబరు ఉందా, వెంట పోయే సార్, మేడమ్‌ల ఫోన్లు ఉన్నాయా, రాత్రి ఎక్కడ పడుకుంటారో ఉందా, ఇవి చూడండి. ఉంటే నిశ్చింతగా పంపండి. టూర్లు వద్దని నేను ఎప్పుడూ అనను. ఆడపిల్లవు నువ్వు వద్దు అని ఆపేయకండి. సముద్రం చూడని పిల్ల, రైలు ఎక్కని పిల్ల, పెద్ద ఫ్యాక్టరీ లోపల ఎట్లా ఉంటుందో తెలియని పిల్ల రేపు ఆ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా నిలబడాలంటే ఇవన్నీ చూడాలి. పైలం బిడ్డా అని చెప్పి పంపండి.

చివరగా, తిరుగు ప్రయాణంలో అందరూ మరిచిపోయే ఒక ముక్క మిగిలింది. టూరు బస్సు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. సాయంత్రం ఆరుకు రావాల్సింది రాత్రి ఒంటిగంటకు కాలేజీ గేటు దగ్గర ఆగుతుంది. మియాపూర్, కూకట్‌పల్లి పిల్లలకు ఇంటి నుంచి కార్లు వస్తాయి. జిన్నారం, గుమ్మడిదల పిల్లలకు ఆ వేళకు బస్సు ఉండదు. ఏ స్నేహితుడి బైకో ఎక్కి, నిద్రమత్తులో, లారీలు తిరిగే ఆ రోడ్డు మీద వస్తారు. అంత దూరం క్షేమంగా పోయివచ్చిన పిల్లలకు ఇంటికి పదిహేను కిలోమీటర్ల దగ్గర ప్రమాదం జరగడం ఎంత ఘోరం. రాత్రి పది దాటి బస్సు వచ్చేటట్టుంటే ఊరి పిల్లలను ఆ రాత్రికి హాస్టల్లో పడుకోబెట్టాలి, లేదా అదే బస్సు బొల్లారం చౌరస్తా మీదుగా జిన్నారం దాకా పోయి ఒక్కొక్కరిని దించి రావాలి. ఆ రాత్రి పడకకో, ఆ అదనపు కిలోమీటర్ల డీజిలుకో అయ్యే డబ్బును టూరు ఖర్చు లెక్కలో మొదటి రోజే రాసుకోండి. ఆఖరి పిల్ల ఇల్లు చేరానని ఫోను చేసేదాకా వెంట పోయిన సార్, మేడమ్ జాబితా చేతిలో పెట్టుకుని మేలుకుని ఉండండి.